రెస్ట్ పేరుతో నా పాపను తీసుకెళ్లారు

పాపకు ఐదో వారం. పొద్దున పదింటికి అది గుక్కపట్టి ఏడుస్తోంది. నేను పక్కనే మంచం మీద కూర్చుని ఫ్యాన్ వైపు చూస్తున్నాను. ఎత్తుకోవాలని తెలుసు, చేతులు లేవలేదు. ప్రేమా రాలేదు, జాలీ రాలేదు. పక్కింటి టీవీ మోగుతున్నట్టే ఉంది. నాలో ఏదో తేడా వచ్చిందని ఆ రోజే తెలిసింది. కానీ తల్లినై ఉండి ఆ మాట ఎవరితో అనను?

నేను అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పేదాన్ని. క్లాసులో ఆగని నోరు మా ఆయన శ్రీకాంత్ ముందు పెగలడానికి వారం పట్టింది. దగ్గర్లోని నర్సింగ్‌హోమ్‌కు తీసుకెళ్లాడు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ ప్రొఫైల్ చేయించారు. అన్నీ నార్మల్. డాక్టర్ రిపోర్టుల్లోంచి తలెత్తకుండానే, "కొత్త తల్లులకు మామూలే. రెస్ట్ ఇవ్వండి," అన్నాడు. బిడ్డను ఎత్తుకోబుద్ధి అవుతోందా అని ఒక్క ముక్క అడగలేదు. ఆ మనిషిని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ రెస్ట్ అనే మాటను మా అత్తమ్మ పట్టుకుంది. అప్పటికే మా ఇంట్లో ఒక చట్టం ఉంది: పాలు పట్టగానే పిల్లను పడుకోబెట్టెయ్యాలి, ఒళ్లో ఉంచుకోకూడదు. "ఊకె ఎత్తుకోకు బిడ్డా, చేతులకు మరుగుతది. రేపు నువ్వు డ్యూటీకి పోతే ఎట్ల సముదాయించాలె?" అనేది. ఇప్పుడు ఏకంగా పాపను ఖైరతాబాద్‌లో తన ఇంటికి తీసుకెళ్లింది. "నువ్వేం ఫికర్ చెయ్యకు. డబ్బా పాలు పడ్తం, నువ్వు మంచిగ పండుకో." మెట్రోలో మూడు స్టేషన్ల దూరం, నలభై రోజులు. నేను అడ్డం చెప్పలేదు. పైగా హమ్మయ్య అనుకున్నాను. అందుకు నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

నిద్ర రాలేదు, అన్నం సహించలేదు. "నేను లేకుంటేనే పాపకు మంచిది," అని ఒకరోజు అనేసరికి శ్రీకాంత్ భయపడి పంజాగుట్టలో ఒక సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ గంటసేపు విన్నారు. "ఇది పోస్ట్‌పార్టమ్ డిప్రెషనమ్మా, కాన్పు తర్వాత వచ్చేది. మందుంది, తగ్గుతుంది," అని శ్రీకాంత్ వైపు తిరిగారు. "పాప ఎక్కడండీ?"

చెప్పాడు. ఆవిడ పెన్ను పక్కన పెట్టేశారు. "రెస్ట్ అంటే ఈ అమ్మాయి చేతిలోంచి గిన్నెలు తీసుకోండి, బిడ్డను కాదు. ఇవాళే తెచ్చెయ్యండి. మీలో ఒకరు ఎప్పుడూ పక్కనే ఉండండి."

తెచ్చారు. నా చేతుల్లో పాప బిగుసుకుపోయింది. అత్తమ్మ గొంతు వినబడగానే ఊరుకుంది. నా బిడ్డకు నేను పరాయిదాన్నయ్యాను.

ఆ క్లినిక్‌లో సుమ అనే అమ్మాయి తల్లీపిల్లల అటాచ్‌మెంట్ మీద రీసెర్చ్ చేస్తోంది. నన్ను అడిగి, పాపతో ఆడుకుంటుంటే ఐదు నిమిషాలు వీడియో తీసింది. పరీక్ష తప్పినట్టే బయటికొచ్చాను. మరుసటి వారం ఆ వీడియో చూపించింది. "గీడ చూడక్కా. మీరు సీసా కోసం అటు తిరిగిండ్రు, పాప కండ్లు మీ ఎన్కనే వచ్చినయి." మూడుసార్లు వేయించుకుని చూశాను. నేను చూడనప్పుడు అది నన్నే వెతుకుతోంది. అక్కడే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. "ఎత్తుకుంటె పిల్లలు చెడిపోరక్కా. ఏడిస్తె ఎవరన్న వస్తరని తెలిసినోళ్లకే ధైర్యం ఎక్కువుంటది," అంది సుమ. ఆ రోజు నుంచి ఎవరేమన్నా పాపను ఒళ్లోంచి దించలేదు.

మందు మొదలైన నాలుగో నెలలో శ్రీకాంత్, "మంచిగనే ఉన్నవ్ గద, ఇంక గవెందుకు?" అని టాబ్లెట్లు ఆపించాడు. మూడు వారాల్లో మళ్లీ మొదటికొచ్చాను. డాక్టర్ అతణ్ణి నిలబెట్టి కడిగేశారు. ఇంకో ఏడాది వాడి, ఆవిడ చెప్పాకే మానేశాను.

పాపకిప్పుడు మూడేళ్లు. పోయిన నెల మెట్ల మీద పడింది. పక్కనే అత్తమ్మ చేతులు చాపి ఉన్నా, దాటుకుని వచ్చి వంటింట్లో నా కాళ్లు చుట్టేసుకుంది. అత్తమ్మ ముఖం చిన్నబోయింది. నాకు జాలి కలగలేదు.

మీ ఇంట్లో బాలింత, బిడ్డ ఏడుస్తున్నా కదలకుండా కూర్చుంటే ఆ వారమే సైకియాట్రిస్ట్‌కు చూపించండి. బిడ్డను మాత్రం ఆమె దగ్గరే ఉంచి, మీరూ అక్కడే కూర్చోండి. మా పాప మొదటిసారి నవ్వింది ఆ నలభై రోజుల్లోనేనట. అత్తమ్మ ఫోన్‌లో ఫొటో ఉంది. చూపిస్తానని ఎన్నిసార్లు అన్నా నేను చూడలేదు.