జున్ను అనుకుని వచ్చినవాళ్లు

దమయంతి పట్టుదల ఎలాంటిదో తెలియాలంటే ఆమె మొగుడు హరనాథ్‌ని అడగాలి. "తను ఒకసారి డిసైడ్ అయిందంటే నేను కార్ కీస్ ఇచ్చేసి పక్కకి తప్పుకుంటానండీ" అంటాడు. పెళ్లికి ముందు తెనాలిలో పాల డెయిరీ ల్యాబులో పనిచేసిన మనిషి, న్యూజెర్సీలోని ఐసెలిన్ వచ్చాక డిపెండెంట్ వీసా పుణ్యమా అని ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చుంది. 2015లో అలాంటి భార్యల్లో కొందరికి పని చేసుకునే వీలు దొరికింది. ఆ వర్క్ పర్మిట్ కార్డు చేతికి రావడమే ఆలస్యం, ఉద్యోగాల వేటలో పడింది.

దొరికింది కూడా. గంట దూరంలో ఒక ఇటాలియన్ చీజ్ డెయిరీ. తాతల నాటిది. యజమానురాలు కార్మెలాకి డెబ్బై దాటినా, వేడి నీళ్లలో పాల గడ్డను సాగదీసి మోజరెల్లా ఉండలు చుట్టడం తన చేత్తోనే. శని, ఆదివారాల్లో జనం అదంతా చూసి, చివర ఒక బల్ల దగ్గర ముక్కలు రుచి చూసి, నచ్చినవి కొనుక్కుపోతారు. వాళ్లను తిప్పి చూపించే మనిషి కావాలి.

ఇక్కడే వచ్చింది చిక్కు. పాలు గడ్డకట్టడానికి అక్కడ వాడేది రెనెట్, దూడ కడుపులోంచి తీసేది. దమయంతి శాకాహారి. మొదటిరోజే ఆ మాట చెప్పేసింది. కార్మెలా ఆమెను ఎగాదిగా చూసింది.

"తినని దాన్ని అమ్మిపెడతావా? సరే, వేసవి అయ్యేదాకా చూస్తాను. జనాన్ని తేగలిగితే ఉద్యోగం నీది. కానీ బల్ల దగ్గర రెనెట్ మాట ఎత్తకు."

దమయంతి తలూపింది. ఊపకుండా ఉండాల్సింది. కానీ ఇన్నేళ్లకు దొరికిన ఉద్యోగం, వదులుకోబుద్ధి కాలేదు.

వేసవి ముగుస్తుండగా తన సత్తా చూపించాలని గుళ్లో నోటీసు పెట్టింది: "జున్ను తయారీ చూద్దాం రండి!" చీజ్‌కి తెలుగు జున్నే కదా అనుకుంది పాపం. తెలుగువాళ్లకు జున్ను అంటే ఏమిటో ఆ క్షణాన మరిచిపోయింది. ఇంకేం, బస్సు కిటకిటలాడింది.

బస్సు దిగుతూనే రాజేశ్వరమ్మ నిలదీసింది. జీవితమంతా న్యూజెర్సీలో పిల్లల డాక్టరుగా చేసి రిటైరైన మనిషి, గుళ్లో ఆమె మాటకు తిరుగులేదు.

"బెల్లంతో చేశారా, పంచదారతోనా? మిరియాలు వేశారా?"

"ఇది చీజ్ ఆంటీ..."

"చీజా! ఈ మాత్రం దానికా పొద్దున్నే కాఫీ స్కిప్ చేసి వచ్చాను?"

అందరూ గొల్లుమన్నారు. దమయంతి సిగ్గుతో చచ్చిపోయింది. అయినా తేరుకుని తొట్టెలు చూపించింది, మోజరెల్లా సాగే తీరు చూపించి నోళ్లు మూయించింది. బల్ల దగ్గరికి వచ్చేసరికి అందరికీ ఆకలి కరకరలాడుతోంది. ముక్కను నోటిదాకా తెచ్చి రాజేశ్వరమ్మ ఆగింది.

"అవునూ, ఇది మనం తినొచ్చా అమ్మాయ్?"

ఎదురుగా కార్మెలా నవ్వుతూ నిలబడి ఉంది. 'పాలే కదా ఆంటీ' అంటే చాలు, ఉద్యోగం చేతిలో ఉన్నట్టే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. తననెవరైనా ఇలా మోసం చేస్తే బతికుండగా క్షమించేదా? ఒళ్లు మండింది, తన మీద తనకే.

"వద్దు ఆంటీ. దూడ కడుపులోంచి తీసినది వేస్తారు. నేనూ తినను."

చేతులన్నీ ఒక్కసారిగా వెనక్కి వెళ్లాయి. "అయితే ఇన్నేళ్లూ నేను తిన్న పిజ్జాల సంగతేమిటే?" అంది రాజేశ్వరమ్మ, పాలిపోయిన మొహంతో. ఎవరూ ఏమీ కొనలేదు. బస్సు వెళ్లిపోయింది.

"ఏం చెప్పావు వాళ్లకి?" అంది కార్మెలా.

"నువ్వు చెప్పొద్దన్నదే. అడిగారు, చెప్పాను. రెనెట్ లేకుండా కూడా చేయొచ్చు. నాకు ఒక్క తొట్టి ఇవ్వు, చేసి చూపిస్తాను."

"ఇంటికి వెళ్లు" అంది కార్మెలా.

దమయంతి వెళ్లింది. ఏడ్చింది కూడా. కానీ శనివారం పొద్దున్నే మళ్లీ కారు తీసింది. తీసేస్తే మొహం మీదే చెప్పనీ అనుకుంది.

కార్మెలా ఒక చిన్న తొట్టి ముందు ఉంది. పక్కన కొత్త సీసా, దూడతో సంబంధం లేని రెనెట్.

"మా అమ్మ శుక్రవారాలు మాంసం ముట్టేది కాదు" అంది తలెత్తకుండానే. "తెలియకుండా ఎవరైనా తినిపించి ఉంటే ఇల్లు పీకి పందిరేసేది. ఇంద, తిను. బాగుందంటే నీ బస్సును మళ్లీ పిలుచుకో."

వేసవంతా వచ్చినవాళ్లందరికీ వర్ణించి చెప్పిన రుచి. దమయంతి మొదటిసారి నోట్లో వేసుకుంది. మెత్తగా, వెచ్చగా ఉంది. బాగుందనేస్తే పనైపోతుంది. కార్మెలా ఆమె మొహంలోకే చూస్తోంది.

"ఉప్పు చాలలేదు" అంది దమయంతి.

కార్మెలా మొహం ఎర్రబడింది. తనూ ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలింది. తర్వాత ఉప్పు డబ్బా తీసి దమయంతి చేతికిచ్చి, తొట్టి ముందు నుంచి పక్కకు జరిగింది.