సున్నం మీద నీళ్లు

మొన్న ఖమ్మంలో మా డాబా మీద కూలింగ్ పెయింట్ వేయించాను. ఎండను వెనక్కి కొడుతుందట, గాలికీ నేలకూ హాని చెయ్యదట, ఘాటు వాసనే ఉండదట. నిజమే, పులిసిన పాల వాసనలాంటిదేదో సన్నగా వచ్చి పోయింది. పనివాడు బ్రష్షు ముంచి విదిలించగానే నా కళ్లు మాత్రం వాటంతటవే మూసుకున్నాయి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, సత్తుపల్లి దగ్గర మాది సిమెంటు రేకుల ఇల్లు. నాన్న, పెద్దనాన్న వాటాలు పంచుకుని నడుమ గోడ పెట్టుకున్నారు గానీ పైన కప్పు ఒకటే. పాచి ఎండి, దుమ్ము పట్టి రేకులు నల్లబడి, ఉగాది దాటిందంటే పెనం కింద కాపురం చేసినట్టుండేది. మామిడికాయ పప్పన్నంలోకి చెమట కారేది, అష్టాచెమ్మా ఆడదామంటే గచ్చు కాలేది. అందుకే ఏటా రేకుల మీద సున్నం కొట్టేవాళ్లు. సగం డ్రమ్ములో సున్నపు గడ్డలు వేసి నీళ్లు పోస్తే కుతకుత ఉడికి, పొగలు కక్కి, చిటపటమని ఎగిరేది. చల్లారాక ఉప్పు, తుమ్మబంక కలిపేవారు.

"దూరం జరుగుండ్రి! సున్నానికి నీళ్లు తగిల్తే నిప్పే" అని నానమ్మ మమ్మల్ని చీపురుతో తరిమేది.

ఆ ఏడు నాకు తొమ్మిదేళ్లు. తమ్ముడు పుట్టి నెల కాలేదు. ఒళ్లంతా చెమటకాయలతో ఏడ్చి ఏడ్చి వాడి గొంతు పోయింది. నాన్న నిచ్చెనెక్కి సున్నం కొడుతుంటే చుక్కలు జారి, పెద్దనాన్న తన వాకిట్లో ఎండబోసిన మిర్చి మీద పడ్డాయి.

"ఏందిరా, నా పంట మీద కొడుతున్నవ్ సున్నం?" అంటూ వచ్చాడు పెద్దనాన్న.

"నా పిలగాడు ఉడికి సస్తుంటే నీకు మిర్చి గావాల్నా?" అన్నాడు నాన్న.

పెద్దనాన్న నిచ్చెన గుంజాడు. నాన్న కిందికి దూకి ఆయన చెంప పగలగొట్టాడు. ఇద్దరూ మిర్చిలో పడి దొర్లారు, పిడికిళ్లతో గుద్దుకున్నారు, పెద్దనాన్న పెదవి చిట్లి రక్తం కారింది. నేను ఉరికి ఆయన చెయ్యి కసిదీరా కొరికాను. ఆయన నన్ను విదిలించి లేచి, నిచ్చెన పక్కనున్న సున్నం బకెట్టు ఎత్తి నాన్న మొహాన కొట్టాడు.

అమ్మో, ఆ కేక! నేను చెంబెడు నీళ్లు పట్టుకుని పరుగెత్తాను. నానమ్మ అడ్డమొచ్చి చెంబును ఎగరగొట్టింది.

"పొయ్యకే! కండ్లు ఉడికిపోతయ్!"

కొంగుతో నాన్న కళ్లు రుద్ది, ఆముదం పోసి, రోకలిబండ అందుకుని పెద్దకొడుకును బజారుదాకా బాదుకుంటూ తరిమింది. ఆ సున్నం ఉడకడం ఎప్పుడో అయిపోయిందనీ, ఇక దానికి నీళ్లే మందనీ మాలో ఎవరికి తెలుసు?

దవాఖానాలో డాక్టరు "నీళ్లతో ఎందుకు కడగలేదు?" అని మండిపడ్డాడు. నానమ్మ నా చెయ్యి గట్టిగా నలిపింది. నేను నోరు మూసుకున్నాను. నాన్న కుడికన్ను పోయింది.

అప్పటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. నానమ్మ పోయింది, ఆ రేకులు పోయాయి, సున్నం ఉడికించే వాకిళ్లూ పోయాయి. "అన్న గాదు వాడు, నా కన్ను తిన్న కుక్క" అనే తిట్టు మాత్రం పోలేదు. మొన్న డాబా మీద నాన్న మళ్లీ అదే ఎత్తుకునేసరికి నాకు తిక్క రేగింది.

"నాన్నా, ఆరోజు నేను నీళ్లు తెచ్చిన. నానమ్మే పొయ్యనియ్యలే" అన్నాను.

నాన్న నా వైపు తిరిగాడు.

"ఎరుకేనే. చెంబు కిందపడ్డ సప్పుడు ఇన్న" అన్నాడు. "మా అమ్మను తిట్టలేక అన్నను తిట్టుకుంటున్న."