నిలువుగా పంచుకున్న చేను

మా మామ పోయిన తర్వాత మా ఆయన, మా మరిది అన్నదమ్ములిద్దరూ చేను పంచుకున్నారు. డెబ్బైల చివర్లో, మేము కదిరి పక్క పల్లెలో ఉన్ననాటి మాట. చేనుకు పైభాగమంతా గరుసు, రాళ్లు. కింద, మేము తాగే దిగుడుబావి దగ్గర, మంచి ఎర్రమన్ను. పైది ఒకరికి, కిందిది ఒకరికి ఇస్తే అన్యాయమని తాడు పట్టి పైనుంచి కిందికి నిలువుగా చీల్చి, నడుమ గెనిమ వేసుకున్నారు. మూరెడు వెడల్పు మట్టిగట్టు అది. మా ఊళ్లో అందరూ అట్లాగే పంచుకునేవారు.

చిక్కల్లా మడకతో వచ్చింది. అంత సన్నటి చేలో ఎద్దులు అడ్డంగా నాలుగడుగులు వేసేసరికి గెనిమ తగులుతుంది. అందుకని ఇద్దరూ వాలు వెంబడే దున్నేవారు. సాళ్లన్నీ బావి వైపే. వాన కురిస్తే ప్రతి సాలూ కాలువై, పైమన్నంతా బావిలోకి దిగేది. ఆ ఎర్రనీళ్లే నేను పాత చీర గుడ్డలో వడగట్టి, ముందు దేవుడికి పెట్టి, తర్వాత పిల్లలకు పోసేదాన్ని. నీళ్లంటూ ఇచ్చినందుకు స్వామికి దండం పెట్టుకునేదాన్ని. పిల్లలకు కడుపులు చెడినప్పుడు మాత్రం ఆ దండం పెట్టడానికి చేతులు బరువయ్యేవి.

ముదిగుబ్బ దగ్గర మా పుట్టింట్లో నాయన వాలుకు అడ్డంగా దున్నేవాడు. నాకు అక్షరాలు దిద్దించిన అరుగు మీద నుంచే ఆ సాళ్లు కనపడేవి. వాన నీళ్లు వాటిలో ఆగి, నిదానంగా ఇంకేవి.

ఒక యేడు విత్తనాలకు ముందు, ఇద్దరికీ సంగటి వడ్డిస్తూ అడిగాను. "ఈ ఒక్క కారుకు గెనిమ తీసేసి, కలిపి అడ్డంగా దున్నండి. పండిన శెనక్కాయలు సగం సగం పంచుకోండి."

"గెనిమ తీసేది సులువే వదినా," అన్నాడు మరిది. "మళ్లా వేసేటప్పుడు మాయన్న కాలు నా చేలోకి జరగదని ఎవురు పూచీ?"

"నా కాలు యాడికీ పోదులేరా. నీ కన్నే జరుగుతాండాది," అన్నాడు మా ఆయన.

"మీ కాళ్లూ కండ్లూ యాడన్నా పోనీ. బావి పూడిపోతాండాది."

"పూడితే తీస్తాంలే," అన్నారు ఇద్దరూ, ఒక్క గొంతుతో. ఆ యింట్లో వాళ్లు కలిసి అన్న మాట అదొక్కటే.

వారం రోజులు వదలకుండా నస పెడితే ఒప్పుకున్నారు. గెనిమ తీసేశాక గుర్తుకుండాలని దాని రెండు చివర్లా రాళ్లు పాతాను. వాన పడింది. ఇంట్లో కర్పూరం వెలిగించి, టెంకాయ తీసుకొని చేనికి పోతే, ఇంకా తీయని గెనిమ మీద ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. తొలిసాలు ఎవరి పక్క మొదలుపెట్టాలని తగవు. తొలిసాలు పడిన ఇంటికే ఆ యేటి పంట కలిసొస్తుందని మావాళ్ల నమ్మకం.

"పెద్దోన్ని, నా పక్క."

"పెద్దరికం ఇంట్లో పెట్టుకో అన్నా. ఇది చేను."

టెంకాయ చేతిలోనే ఉంది. పొద్దు నెత్తికెక్కింది, గాలి లేచింది. నేలలో పదును ఆరిపోతోందని తెలిసేసరికి ఇద్దరూ ఎవరి ఎద్దులను వాళ్లు తోలుకొని, ఎవరి ముక్కలో వాళ్లు, వాలు వెంబడే, పందెం వేసుకున్నట్టు దున్నేశారు.

పది రోజులకు పెద్ద వాన. తెల్లారి చూస్తే బావి మెట్లు సగం మన్నులో ఉన్నాయి.

అన్నట్టే తీశారు. ఆ పనిలో మాత్రం వంక పెట్టలేను. నడుములు విరిగేలా తోడారు. తోడిన మన్నును "అన్నకొక గంప, తమ్మునికొక గంప" అని లెక్కగా పంచుకొని, ఎవరి ముక్క పైకి వాళ్లు మోసుకుపోయారు, మళ్లీ వానకు కిందికి రావడానికి. చివరికి ఒక గంప మిగిలింది. ఇద్దరూ దాన్ని చూస్తూ నిలబడ్డారు.

నేను ఎత్తుకుపోయి గెనిమ మీద బోర్లించాను. కోపంతోనే.

మరిది కాలితో తొక్కి చూసి, "బలంగా ఉండాది వదినా, మంచి పని చేస్తివి," అన్నాడు. మా ఆయన కూడా తలూపాడు.

సాయంత్రానికి ఊట తేటపడింది. బిందె నింపుకొని స్వామికి దండం పెట్టాను. ఊరంతా గట్టి వానకు మొక్కుతుంటే, మెల్లగా కురవమని మొక్కుకున్నాను.