అడుగున కొట్టించిన పేరు

ఈమధ్య ఒక శుక్రవారం ఒమాన్‌లోని ఘాలాలో మా కంపెనీ గోదాము ముందు, రేకుల నీడలో కూర్చుని, పాత తోలు చెప్పు నుంచి గుండ్రంగా కోసిన ముక్కను కొబ్బరినూనెలో నానబెడుతున్నాను. నా ఈడువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు, అది పంపు స్టవ్వులో వేసే వాషరు. ఈ కాలంలో పంపు స్టవ్వు ఎవరికయ్యా అంటారేమో, అల్ ఖౌద్‌లో కాలేజీ పిల్లలకు చదువు చెప్పే ఒమానీ ఉస్తాద్ ఒకాయనకు పాత స్టవ్వుల పిచ్చి. చలికాలం వస్తే ఇక్కడివాళ్లు ఇంటిల్లిపాదీ ఇసుక దిబ్బల్లోకి వెళ్లి గుడారాలు వేసుకుంటారు. అందరూ గ్యాసు పొయ్యి పట్టుకుపోతే ఈయన మాత్రం తన తాతల నాటి ఇత్తడి స్టవ్వు వెలిగించి కాఫీ కాస్తాడు. ఇంట్లో ఒక గది నిండా అవే. బర్నరు తల చూసి, కాళ్లు వంచిన తీరు చూసి, తొట్టి మీద అచ్చు చూసి, ఇది స్వీడన్‌ది, ఇది జర్మనీది, ఇది మీ దేశానిది అని చెప్పేయగలడు. అంత చదువుకున్నవాడు కూడా వాషరు కోసం మాత్రం నా దగ్గరికే రావాలి, ఎందుకంటే ఒమాన్ రాకముందు మా ఊరి బజారులో నేను చేసింది స్టవ్వు రిపేరు పనే.

ఆ శుక్రవారం ఆయన నిజ్వా సంతలో పాత సామాన్ల మధ్య దొరికిందంటూ ఒక స్టవ్వును గుడ్డలో చుట్టి తెచ్చాడు. మన దేశంలో చేసిందని పట్టుకున్నాడు గానీ తొట్టి అడుగున ఉన్న చుక్కలేమిటో అంతుపట్టలేదట. ఇలాంటి పిచ్చే ఉన్న స్నేహితులకు ఫోన్‌లో ఫోటో పంపితే ఒకరు సైన్యం గుర్తన్నారట, ఇంకొకరు బర్మా లిపి అన్నారట. నీకేమైనా తెలుస్తుందా అని హిందీలో అడుగుతూ స్టవ్వును బోర్లించి నా చేతిలో పెట్టాడు. చదవకముందే నా వేళ్లకు తెలిసిపోయింది. అది మా అక్క పేరు.

ఇత్తడి సామాను కొంటే దాని మీద పేరు కొట్టించడం మనకు ఎంత ముఖ్యమో మీకు గుర్తుండే ఉంటుంది. దుకాణం అరుగు మీద ఒకాయన చిన్న ఉలి, సుత్తి పెట్టుకుని చుక్క చుక్కగా అక్షరాలు దించేవాడు. మా బావ ఒమాన్ బయల్దేరేటప్పుడు మా బాపు ఆయనకు పంపు స్టవ్వు కొనిపెట్టాడు. బావకు నోరు సుకుమారం, ఎవరో వండిన మెస్సు కూడు ఆయన గొంతు దిగదని ఇంట్లో అందరం ఆటపట్టించేవాళ్లం. బాపు నాలుగు స్టవ్వులు వేలితో మోగించి చూసి ఒకటి ఎంచాడు, దాని అడుగున అక్క పేరు కొట్టించాడు. పెట్రోమాక్సు లైట్లూ స్టవ్వులూ అమ్మే ఆ దుకాణదారు, గాలి నిండే తొట్టి మీద వద్దు, ఇత్తడి పలచబడుతుంది అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. బాపు వినలేదు. బిడ్డ పేరు చూసుకుంటూ అల్లుడు వండుకోవాలని ఆయన ముచ్చట.

రెండేళ్లకు బావే నాకు వీసా పంపి తన దగ్గరికి పిలిపించుకున్నాడు. నిజ్వా దాటి లోపలికి పోయే రోడ్డు పని మాది, ఉండటం గుడారాల్లో. పది రోజులకోసారి నీళ్ల ట్యాంకరుతోపాటు కిరోసిన్ డ్రమ్ము వచ్చేది. డ్యూటీ దిగి వచ్చేసరికి బావ స్టవ్వు ముందు గొంతుక్కూర్చుని పప్పులో పోపు పెడుతుండేవాడు. ఆ బుర్రుమనే చప్పుడు దూరం నుంచే వినబడితే చాలు, ఇంటికొచ్చినట్టు ఉండేది. వాషరు మార్చడం, పిన్నుతో నాజిల్ పొడవడం నా వంతు. క్యాంపులో ఎవరి స్టవ్వు మొరాయించినా నన్నే పిలిచేవాళ్లు. ఆ పేరు నా తలకెక్కింది, దాచేదేముంది.

ఒకసారి కొండల్లో వాన కురిసి వాదీ, అంటే అక్కడి వాగు, పొంగి దారి తెగింది. ట్యాంకరు రాలేదు. కిరోసిన్ అడుగంటింది. బావకు రెండు రోజులుగా జ్వరం, డ్యూటీకి రావడం లేదు. తెల్లవారుజామున ఆయన ఇంకా నిద్రలో ఉండగా నేను పికప్ బండి పెట్రోలు డబ్బా తెచ్చి, మిగిలిన కిరోసిన్‌లో సగానికి సగం కలిపి తొట్టిలో పోశాను. వెలిగించి చూస్తే మంట నీలంగా, నిలకడగా వచ్చింది. నా పనితనానికి నేనే మురిసి, స్టవ్వు ఆర్పి, సైటుకు పోయే బస్సు హారను కొడుతుంటే పరిగెత్తాను. నేను ఆర్పినప్పుడు నూనె నిండుగా ఉంది, గాలి తక్కువగా ఉంది, కాబట్టి ఏమీ కాలేదు. బావను లేపి ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

స్టవ్వు ఆర్పాలంటే గాలి స్క్రూ వదులు చేయడం మనందరికీ చేతికి అలవాటైన పని. కిరోసిన్ అయితే తుస్సుమని గాలి పోతుంది, అంతే. పెట్రోలు కలిస్తే వచ్చేది గాలి కాదు, ఆవిరి. బావ మధ్యాహ్నం గంజి కాచుకుని, ఎప్పటిలాగే స్టవ్వు మీదికి వంగి స్క్రూ తిప్పాడు. ఎర్రగా కాలి ఉన్న బర్నరు దగ్గర ఆ ఆవిరి భగ్గుమంది. ఆయన చొక్కా, దుప్పటి, గుడారం గుడ్డ అన్నీ అంటుకున్నాయి. స్టవ్వుకు మాత్రం ఏమీ కాలేదు.

నిజ్వా ఆసుపత్రిలో గోదావరి వైపు నుంచి వచ్చిన నర్సమ్మ ఒకావిడ ఉండేది. ఆవిడ బావ మంచం పక్కన నిలబడి ప్రార్థన చేసి నన్ను లోపలికి పంపింది. పెట్రోలు వాసన ఆవిడకూ తెలిసే ఉంటుంది, నన్నేమీ అడగలేదు. బావ మాత్రం అంతా గ్రహించేశాడు. నన్ను దగ్గరికి రమ్మని, ఆగి ఆగి ఇంతే అన్నాడు:

"స్టవ్వు పేలిందని చెప్పు. నువ్వు పెట్రోలు పోసినవని ఎవ్వలకు చెప్పకు. మీ అక్కకు ఇగ నువ్వే దిక్కు."

మూడో రోజు ఆయన పోయాడు. కంపెనీవాళ్లు అడిగితే పేలిందనే చెప్పాను. పేలిన స్టవ్వు ఇంత చక్కగా ఉంటే ఎవరు నమ్ముతారు? అందుకని సామాను సర్దే వంకతో దాన్ని తీసుకుపోయి, వాదీ ఒడ్డున ఒక తుమ్మచెట్టు కింద మోచేతి లోతున పూడ్చిపెట్టాను. బావ శవం ఉన్న పెట్టె వెంట ఇంటికి వెళ్లాను.

అక్కడితో ఆగినా బాగుండేది. బాపు నాలుగు మోగించి చూసి ఎంచినవాడు కదా, అందరి ముందూ ఒక్కటే అడిగాడు: "ఏడ పగిలిందిరా?" స్టవ్వు రిపేరు చేసినవాణ్ణి, తెలియదంటే బాగుండదు. నోటికి ముందు ఏది వస్తే అది అన్నాను, అడుగున అని. ఆ మాట అన్నాకగానీ అడుగున ఏముందో నాకు గుర్తు రాలేదు. బాపు మొహం చూసి మాట మార్చుకుందామనుకున్నాను, చేతకాలేదు. దుకాణదారు ఎంత చెప్పినా వినకుండా తాను కొట్టించిన పేరే అల్లుణ్ణి చంపిందని ఆయన ఖాయం చేసుకున్నాడు.

ఆ తర్వాత బాపు ఒక ఆకురాయి తెచ్చుకుని, రోజూ వాకిట్లో కూర్చుని, ఇంట్లో ఉన్న బిందెలు, చెంబులు, తాంబాళాలు ఒక్కొక్కటే ఒళ్లో పెట్టుకుని వాటి మీది అక్క పేరు అరగదీయడం మొదలుపెట్టాడు. అక్క వద్దని ఏడ్చింది, ఆయన ఆపలేదు. సెలవు అయిపోయి నేను తిరిగి ఒమాన్ బయల్దేరిన రోజు కూడా ఆ గరగర చప్పుడు మధ్యే గడప దాటాను. మరుసటి ఏడాది ఆయన పోయాడు. నేను నోరు విప్పలేదు. ముందు బావ మాట అనుకున్నాను, తర్వాత అక్క కోసం అనుకున్నాను. నిజానికి భయం, అంతే.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు ఆ స్టవ్వు నా ఒళ్లో ఉంది. ఏ వరద పైకి తేల్చిందో, ఏ మేకలవాడికి దొరికిందో దేవుడికే తెలియాలి. ఉస్తాద్ అడుగున బొటనవేలితో రాస్తూ, ఇత్తడి ఎంత మందమో చూడు, ఇన్ని చుక్కలు కొట్టినా ఎక్కడా వెంట్రుకవాసి పగులు లేదు, పంపు కొడితే ఇప్పటికీ గాలి నిలుస్తోంది అని మురిసిపోతున్నాడు. అవి మా అక్క పేరని చెప్పాను. ఆయన నా మొహం చూసి, స్టవ్వును అక్కడే వదిలి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే అక్కకు వీడియో కాల్ చేసి స్టవ్వు అడుగు చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. "గిది మంచిగనే ఉన్నది గద తమ్మీ. గీడనే పగిలిందంటివి." అప్పుడు చెప్పాను, పెట్రోలు సంగతి, నేను బావను లేపని సంగతి, పూడ్చిన సంగతి, ఏదీ మిగల్చకుండా. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఒక్క మాటే అంది.

"బాపుకు చెప్పేదుండె తమ్మీ."

ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. మేనకోడలు ఎత్తి, అమ్మ పడుకుంది అంటుంది.

ఇప్పుడు క్యాంపుల్లో కిరోసిన్ లేదు, గుడారాలూ లేవు. మా రూమ్‌లో కుర్రవాళ్లు కరెంటు పొయ్యి మీట నొక్కి వండుకుంటారు, నా కిటికీలో ఉన్న ఈ స్టవ్వు ఎలా వెలిగిస్తారో కూడా వాళ్లకు తెలియదు. ఏ గిన్నె ఎవరిదో ఎవరికీ పట్టింపు లేదు, పేర్లు కొట్టేవాళ్లు మా ఊళ్లోనూ కనబడటం లేదు. శుక్రవారాలు దీన్ని చింతపండు పెట్టి తోముతాను, వెలిగించను. బాపు ఇంట్లో ఉన్నవన్నీ అరగదీశాడు కదా, అక్క పేరు చెరిగిపోకుండా మిగిలిన ఇత్తడి సామాను ఇదొక్కటే, నేను పూడ్చిపెట్టింది.