కిటికీ కింది మక్కల మూట

నా చిన్నప్పుడు మా పక్కింటి అక్క గదిలో కిటికీ కింద ఒక మక్కల మూట ఉండేది. పుట్టింటివాళ్లు ఏటా ఇచ్చి పంపే మొక్కజొన్నలవి. సూరత్ వచ్చే రైలులో ఆమె మొగుడు ఆ మూటను కాళ్ల దగ్గర పెట్టుకుని తెచ్చేవాడు. ఈ ఊరి గోధుమ రొట్టె అక్క గొంతు దిగేది కాదు. రోజూ కాసిని మక్కలు తిరగలిలో విసిరి, సంకటిలాంటి గటక వండుకునేది. మా వరుస గదుల పిల్లలందరికీ ఆ మూటే కుర్చీ. దాని మీద ఎక్కి కూర్చుంటే కార్ఖానాల రేకుల కప్పులు, వాటి వెనక ఖాడీ వాగు నీళ్లు కనిపించేవి.

సూరత్‌లోని బమ్రోలిలో మేమున్న ఆ గల్లీలో అందరూ తెలంగాణ నుంచి వచ్చిన సాంచెల పనివాళ్లే. మరమగ్గాన్ని మేం సాంచె అంటాం. పగలూ రాత్రీ వాటి చప్పుడు ఉండాల్సిందే. అది ఆగిపోయిన సంవత్సరం మాత్రం నాకు బాగా గుర్తు. మందీ వచ్చింది, బట్ట అమ్ముడుపోవడం లేదు అని సేఠ్‌లు కార్ఖానాలకు తాళాలు వేశారు. అయినా మా నాన్న పొద్దున్నే స్నానం చేసి, అన్నం డబ్బా లేకుండానే వెళ్లి, మూసిన గేటు ముందు కూర్చుని వచ్చేవాడు. ఇంట్లో రెండు పూటలా నూకల జావే.

అలాంటప్పుడు సద్దుల బతుకమ్మ దగ్గరపడింది. ఆ రోజు ప్రతి ఇంటి ఆడవాళ్లూ సద్దులు చేస్తారు. నువ్వులో పల్లీలో మక్కలో వేయించి, బెల్లం కలిపి దంచిన పొడి అది. బతుకమ్మ ఆడి, నీళ్లలో వదిలాక, ఒకరి సద్ది ఒకరికి పెట్టుకోవాలి. ఎవరి గిన్నెలో ఏముందో అందరికీ తెలుస్తుంది. మా అమ్మ ఈసారి వెళ్లేది లేదంది. నేను ఏడుపు మొదలుపెట్టాను.

“నీకు జరం వచ్చిందని చెప్త. వట్టి గిన్నె వట్టుకొని పోయి నలుగుర్ల ఇజ్జత్ తీసుకోవాల్నా?”

గదుల మధ్య గోడలు పలచన. నా ఏడుపు అక్కకు వినిపించే ఉంటుంది. మర్నాడు నల్లా దగ్గర ఆమె అందరికీ ఒక మాట చెప్పింది.

“సాంచెలు మల్ల నడవాలని మొక్కుకున్న వదినె. ఈసారి ఎవ్వరి సద్ది వాళ్లు పంచొద్దు. అందరియి మా ఇంట్ల ఒక్క గంగాళంల కలపాలె. డబ్బాకు మూత వెట్టి పిల్లలతోని పంపుండ్రి. లోపట ఏమున్నదో పెద్దోళ్లు ఎవ్వరు చూసినా మొక్కు చెడుతది.”

“గిదేం మొక్కే, ఎన్నడు ఇనలే” అంది ఒకామె.

“పాత మొక్కులు ఇని ఇని దేవునికి యాష్టకొచ్చింది” అని అక్క బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

సాంచెల కోసం మొక్కిన మొక్కును కాదనేదెవరు? ఆ తర్వాత రెండు రోజులు ఆమె గదిలోంచి మక్కలు వేగుతున్న వాసన వచ్చింది. అడిగితే మొక్కు పని అంది.

పండగనాడు అమ్మ గుప్పెడు నూకలు వేయించి, దంచి, కుండ అడుగున మిగిలిన బెల్లం గీకి కలిపింది. నాన్న అన్నం డబ్బా ఖాళీగానే ఉంది కదా, అందులో పోసి మూత పెట్టింది. అక్క గదిలో చీర అడ్డం కట్టి ఉంది. పిల్లలం ఒక్కొక్కరమే లోపలికి వెళ్లాలి. నేను మూత తీసి ఒంపేసరికి అక్క కిటికీలోంచి బయటికి చూస్తోంది. గంగాళం దాదాపు నిండుగా ఉంది. నేను ఒంపడం అయ్యాక ఆమె ఇటు తిరిగి, డబ్బా వట్టిగా వెళ్లకూడదని, గంగాళంలోంచి తీసి అదిమి అదిమి నింపింది.

ఖాడీ ఒడ్డున ఆట అయ్యాక అమ్మ మూత తీసి కాసేపు అలాగే చూసింది. తర్వాత పక్కనున్న అందరి చేతుల్లోనూ తలా ఇంత పెట్టింది. మందీ మొదలయ్యాక అమ్మ తల ఎత్తి మాట్లాడడం అదే చూశాను. మిగిలిన సద్ది మా ఇంట్లో చాలా రోజులు వచ్చింది. ఎక్కువగా మక్కల రుచే ఉండేది.

తర్వాత ఒకనాడు అక్క గదికి వెళితే కిటికీ కింద మూట లేదు. ఎక్కడ కూర్చోవాలని అడిగాను.

“ఎలుకలు తిన్నయ్ బిడ్డా.”

ఆ మాటను గల్లీ చివరిదాకా మోసింది నేనే. ఆడవాళ్లు ఊరుకుంటారా?

“ఏందే, మూటెడు మక్కలు ఎలుకలు తింటుంటే మొగుడు పెండ్లాలు గంత సోయి లేకుండ పండిండ్రా?”

“ఏం జేయాలె వదినె, ఈ ఊరి ఎలుకలకు మనూరి మక్కల రుచి దొరికింది. ఇడుస్తయా?” అని అక్క కూడా వాళ్లతోపాటు నవ్వింది.

సాంచెలు మళ్లీ నడిచాయి. మొక్కు ఫలించిందనుకున్నాను. మళ్లీ మక్కలు వచ్చేదాకా అక్క గోధుమ రొట్టెనే నీళ్లతో మింగింది. మింగుతూ ఆమె ముఖం పెట్టే తీరు చూసి నేను ఎదురుగా కూర్చుని నవ్వేదాన్ని. తర్వాత అక్కావాళ్లు కడోదరా వైపు మారిపోయారు. నా పెళ్లయ్యాక ఒక ఫంక్షన్‌లో కలిసింది. అప్పుడూ నేను ఎత్తింది ఎలుకల మాటే. “ఇంకా యాదికున్నదా నీకు” అని నా చెంప నిమిరింది. అదే ఆఖరి చూపు.

మొన్నామధ్య మళ్లీ మందీ వచ్చింది. నా కొడుకు పనిచేసే చోట పాళీలు, అంటే షిఫ్టులు, తగ్గించారు. మా గల్లీలో కొన్ని ఇళ్లవాళ్లు ఈసారి బతుకమ్మకు రామంటున్నారని విని, అక్క మొక్కు నేను మొక్కాను. పండగ పొద్దున నాలుగైదు డబ్బాలు వచ్చాయి. ఒంపితే గంగాళం అడుగు కూడా మునగలేదు. ఇళ్లన్నీ పోసినా ఇది నిండేది కాదని అప్పుడు కదా నాకు తెలిసింది. ఎవరో ఒకరు ముందే నింపి పెట్టి ఉండాలి. అక్క మక్కలు తిన్న ఆ ఎలుకలం మేమే. ఆమెను చూసి నవ్విన ఎలుకను నేనే.

మిగతా పిల్లలను సాయంత్రం రమ్మని, మా డ్రమ్ములోని బియ్యం తీసి వేయించాను. సగం తీశాక చెయ్యి ఆగింది. నెల గడవాలి కదా అనుకున్నాను. అక్కకూ ఏడాది గడవాలి. ఆమె మూట దులిపేసింది. నేను సగం దగ్గర మూత పెట్టాను.

సాయంత్రం ఒక పిల్ల వచ్చి మూత తీస్తే డబ్బాలో ఏమీ లేదు. నేను అడ్డం కట్టిన చీర అంచు పట్టుకుని నా మనవరాలు అక్కడే ఉంది. మనవరాలు ఏమంటుందోనని భయపడ్డాను. ఆ పిల్ల నిండు డబ్బాతో వెళ్లాక మనవరాలిని మెల్లగా అడిగాను.

“చూసినవానే?”

“ఏంది చూసుడు? నేను ఖిడికీల కెల్లి హజీరా బస్సు చూస్తున్న నానమ్మా.”

ఆనాడు అక్క కూడా కిటికీ వైపే ఎందుకు తిరిగిందో నాకు అప్పుడు అర్థమైంది.

ముసలితనంలో నాకు అక్షరాలు దిద్దించింది ఈ మనవరాలే. రాయడం వచ్చాక ఇది ముందు రాయాలనుకున్నాను, అక్కకు చెప్పే దారి ఇక లేదు కనుక. ఇప్పుడు ఎవరైనా నా ముందు మూత తీస్తే నేను కిటికీలోంచి బయటికి చూస్తాను. అక్కడ నాకు బస్సులు కనిపించవు. కిటికీ కింద మూట ఉండాల్సిన చోటు కనిపిస్తుంది.