కర్నూలుకు పోయొచ్చిన గాడిద

కడప నుంచి కర్నూలుకు బస్సు పొద్దున ఆరింటికని బోర్డు మీద రాసి ఉంటుంది. ఈ దారిన వెళ్ళదలచిన పాఠకులు ఆరున్నరకు పోయినా ఏమీ నష్టం లేదు. నేను తెలివితక్కువగా ఐదున్నరకే పోయి, డ్రైవరు మస్తాను పళ్ళు తోముకోవడమూ, టీ తాగడమూ, ఆ టీ బాగాలేదని అంగడివాడితో కొట్లాడడమూ అన్నీ కళ్ళారా చూశాను. ఆరూ నలభైకి బస్సు కదిలింది. ఇంకొక సలహా, వెంట కూజా నిండా నీళ్ళు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

నేను కడపలో ఒక బడిలో డ్రాయింగు మాస్టరును. ఇరవై రెండేళ్ళు పిల్లల చేత కుండలూ మామిడికాయలూ గీయించి గీయించి విసుగెత్తి, చివరికి నేనే ఒక బొమ్మల పుస్తకం చేశాను. పేరు ‘నీళ్ళు తెచ్చిన గాడిద’. అడవిలో కరువు వస్తుంది. జంతువులన్నీ సభ చేస్తాయి. ఏనుగు అధ్యక్షత వహిస్తుంది, నక్క ఉపన్యసిస్తుంది, ఎలుగుబంటి వందన సమర్పణ చేస్తుంది. ఈలోగా గాడిద పోయి నీళ్ళు తెస్తుంది. అంతే కథ. పదహారు బొమ్మలు, రెండేళ్ళ చాకిరీ. అచ్చాఫీసాయన చూసి శానా బాగున్నాయన్నాడు. కానీ బళ్ళకు పనికొస్తుందని కర్నూలులో ముద్ర వేయించుకొని రానిదే అచ్చుకు ఒక్క బొమ్మ బ్లాకు కూడా చేయించనన్నాడు. రాజధాని కర్నూలుకు వచ్చాక ముద్రలన్నీ అక్కడే దొరుకుతున్నాయి గదా. అందుకే ఈ ప్రయాణం.

నా పక్క సీట్లో నూనె అంగడి శెట్టిగారు. ఆయనకూ కర్నూలులో ఏదో లైసెన్సు పని.

“ఏముండాది అయివారూ ఆ కాగితాల చుట్టలో?” అన్నారు.

“బొమ్మలు.”

“దేవుళ్ళవా?”

“గాడిదవి.”

శెట్టిగారు జానెడు అవతలికి జరిగారు. నాకు చోటు కలిసొచ్చింది.

ఎనిమిదిన్నరకు మైదుకూరు. ఇడ్లీలు మెత్తగానే ఉన్నాయి, చట్నీ మాత్రం మిరపకాయల చట్నీకి కాస్త టెంకాయ చూపించినట్టుంది. నోరు మండుతుండగా మళ్ళీ బస్సెక్కాను. నాలుగు మైళ్ళు పోయామో లేదో ఇంజను బుసలు కొట్టి నిలబడిపోయింది. పక్కనే కాలువ, కాలువలో మేకలు పడుకొని ఉన్నాయి. చుక్క నీళ్ళు లేవు. మస్తాను కంగారేమీ పడకుండా బీడీ ముట్టించాడు. రోజూ ఇంజను ఉడికేది అక్కడేనట. రోజూ నీళ్ళు పోసే మనిషి కూడా ఉందట.

పావుగంటకు వచ్చింది ఆ మనిషి. పేరు ఓబులమ్మ, ఊరి బట్టలుతుకుతుంది. కాలువ ఎండాక ఉతకడానికి నీళ్ళు లేక, గాడిద మీద రెండు మైళ్ళ అవతలి బావి నుంచి ఊరికి నీళ్ళు మోస్తోంది. గాడిద పేరు చిన్నమ్మి. దానికి అటు రెండు, ఇటు రెండు కడవలు. ఒక కడవ ఇంజను తాగింది, రెండోది మేం తాగాం. శెట్టిగారు గాడిద మోసిన నీళ్ళని రెండుసార్లు ముక్కు విరిచి, మూడు చెంబులు తాగారు.

గాడిద కనబడేసరికి నా చేతులు ఊరుకోలేదు. చుట్ట విప్పి ముఖచిత్రం ఓబులమ్మకు చూపించాను. మెచ్చుకుంటుందనే చూపించాను, అబద్ధమెందుకు.

ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకొని చూసింది. “ఇది యా ఊరి గాడిద అయివోరా?”

“ఏం?”

“బరువు మోసేటప్పుడు చెవులు ఇట్ల నిక్కబొడుచుకుంటాదా యాడన్నా? ఎనక్కి వాలుస్తాది. కాళ్ళు గూడా ఇంత సక్కగా యాడ పెడతాది? ఇది పెండ్లికి పోయే గాడిద మాదిరి ఉండాది.”

ఇరవై రెండేళ్ళ డ్రాయింగు మాస్టరీ రోడ్డు మీద కూలబడింది. నేనూ మైలురాయి మీద కూలబడ్డాను. మస్తాను హారను కొడుతున్నా లెక్కచేయక, కొత్త అట్ట తీసి, చిన్నమ్మిని ఎదురుగా పెట్టుకొని ఇంకుతో గీశాను. ఎడమ చెవి కొస చిరిగి ఉంది.

“కుక్క కరిసింది. అది గూడా ఎయ్యి. లేకుంటే మా చిన్నమ్మి అని ఎట్ల తెలుస్తాది?” అంది ఓబులమ్మ.

వేశాను. రెండేళ్ళలో రాని గాడిద అరగంటలో వచ్చి అట్ట మీద నిలబడింది. పాత ముఖచిత్రం తీసేసి దీన్నే పైన పెట్టుకున్నాను.

“కర్నూలు పెద్దోళ్ళు మా చిన్నమ్మిని చూస్తారా?”

“చూస్తారు.”

“ఐతే తిరిగొచ్చేటప్పుడు ఏమన్న్యారో చెప్పిపో. ఊర్లో అందరికీ చెప్తా.”

నంద్యాలలో భోజనం చేసి, సాయంత్రం నాలుగున్నరకు కర్నూలు చేరాను. కట్టడాలింకా లేవు కాబట్టి రాజధానిలో ఆఫీసులు వెతుక్కోవడం తేలిక. ఎక్కడ గుడారం కనబడితే అక్కడ ప్రభుత్వం ఉన్నట్టు. సర్కసనుకొని వచ్చిన పల్లెటూరివాడొకడు టిక్కెట్టెంతని నన్నే అడిగాడు. బస్టాండు వెనక ఒక హోటల్లో గది తీసుకున్నాను. మంచం ఉంది, నల్లులు ఉన్నాయి, దిండు మాత్రం అడగాలి.

మర్నాడు పదకొండుకు, బడి పుస్తకాలకు ముద్ర వేసే సంఘం కూర్చుంది. ముగ్గురు సభ్యులు. ఒకాయన నిద్రపోతున్నాడు. ఇంకొకాయన విసనకర్రతో ఆయన నిద్రకు అడ్డుపడే ఈగలను తోలుతున్నాడు. అధ్యక్షులు రిటైరైన హెడ్మాస్టరు. ఆయన ముందున్న కుండలో నీళ్ళయిపోయాయి. నీళ్ళు తేవలసిన బంట్రోతు ఏమయ్యాడన్న విషయం మీద ముగ్గురూ ఇరవై నిమిషాలు చర్చించారు. నిద్రపోయే ఆయన కూడా లేచి ఒక అభిప్రాయం చెప్పి మళ్ళీ పడుకున్నాడు. ఎవరూ కుర్చీ దిగలేదు. నా కథ వాళ్ళకు చదివి వినిపించే పనే లేకపోయింది.

తర్వాత అధ్యక్షులు బొమ్మ చూశారు. “చిత్రలేఖనం ప్రశంసనీయంగా ఉన్నది. కాని గాడిద కథానాయకుడేమిటి మాస్టారూ?”

“నీళ్ళు తెచ్చింది కదండీ.”

“అది సరే. ఉపాధ్యాయుడు పిల్లవాణ్ణి గాడిదా అని మందలిస్తాడు. ఈ పుస్తకం చదివాక వాడు సంతోషిస్తాడు. అప్పుడు మేము వాణ్ణి దేనితో తిట్టాలి?”

నేనూ ఇరవై రెండేళ్ళుగా ఆ మాట మీదే బతుకుతున్నవాణ్ణి.

“గుర్రం చేయండి. గుర్రం గౌరవప్రదమైన జంతువు. ముఖచిత్రం మార్చి మూడింటికి తెస్తే ముద్ర వేస్తాము. తక్కినవి అచ్చుకు ముందు మార్చుకోవచ్చు.”

లేదండీ, ఇది గాడిదేనండీ అని నేను అనాలి. అనలేదు. గదికి పోయి, బ్లేడుతో గీకి చెవులు రెండూ సగానికి పైగా తీసేశాను. జూలు పెట్టాను, తోకకు కుచ్చు పెట్టాను. కాళ్ళూ కళ్ళూ చిన్నమ్మివే, వాటిని ఏం చేయాలో తోచలేదు. మూడింటికి అధ్యక్షులు “ఇది గుర్రమంటే!” అని, తల పైన చెవులు పోయి ఖాళీ అయిన జాగాలో గుండ్రటి ముద్ర కొట్టారు. ఆమోదించడమైనది. సంతోషపడదామని చాలాసేపు ప్రయత్నించాను.

మర్నాడు తిరుగు ప్రయాణం. అదే మస్తాను, అదే బస్సు. పక్కన శెట్టిగారు. ఆయన పని కాలేదు, నా పని అయింది. అయినా మొహం వేలాడేసుకున్నది నేనే. దారి పొడుగునా ఆయనకు జరిగిందంతా చెప్పాను. మధ్యాహ్నం రెండింటికి, మండుటెండలో, అదే కాలువ పక్కన ఇంజను అలవాటు ప్రకారం నిలబడింది. ఓబులమ్మ నీళ్ళతో ముందే వచ్చి కనిపెట్టుకొని ఉంది.

“ఏమన్న్యారు సామీ మా చిన్నమ్మిని?”

బొమ్మ చూపించాను. అట్టను అటూ ఇటూ తిప్పి చూసింది. “ఇది ఎవురు?”

“గుర్రం.”

“మా చిన్నమ్మి కాళ్ళే గదా ఇవి. చెవులు ఎవురు కోసినారు?”

“సంఘం వాళ్ళు” అన్నాను.

ఆమె నా చేతుల వంక చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను. “నేనే కోశాను” అన్నాను.

“ఐతే ఆ గుర్రాన్నే నీళ్ళు అడుగు పో” అని ఓబులమ్మ గాడిదను ఊరివైపు తిప్పింది.

బస్సంతా గగ్గోలు లేచింది. “అరే మాస్టర్‌సాబ్, రెండు చెవులే గదా, పెట్టెయ్యండి!” అని మస్తాను మొత్తుకున్నాడు.

“ముద్ర మీద గీత పడితే చెల్లదప్పా. అయివారి పుస్తకం పోతాది” అన్నారు శెట్టిగారు.

వెనక సీటు రెడ్డి ఒకాయన తలగుడ్డ విదిలించాడు. “పుస్తకం పోతే ఇంగోటి గీసుకుంటాడులేప్పా. ఈ ఎండకు మనం పోతే ఎవురు గీస్తారు?”

నేను కలం తీసి, ముద్రకు తగలకుండా కింద పొట్టిగా రెండు చెవులు పెట్టి చూపించాను. కర్నూలు గాలి ఇంకా వదల్లేదు నన్ను.

“ఇది మేక” అంది ఓబులమ్మ. బస్సులో ఒక పసిపిల్ల కూడా మేకేనని చెప్పింది.

అదే మైలురాయి మీద కూర్చున్నాను. రెండేళ్ళ చాకిరీ, పదహారు బొమ్మలు కళ్ళ ముందు తిరిగాయి. అయినా గీశాను, నిండుగా, పొడుగ్గా, బరువుకు వెనక్కి వాలినవి. చిరిగిన చెవి కొస సరిగ్గా ‘ఆమోదించడమైనది’ని చీల్చుకొని పోయింది.

“ఇప్పుడు సూడు. ఇదీ మా చిన్నమ్మి” అని ఓబులమ్మ కడవ దించింది. అందరూ తాగాక, ఆఖరి చెంబు నాకు తనే వంచింది. నా పుస్తకం కథ అక్కడితో ముగిసిందని నాకు తెలుసు. నీళ్ళు మాత్రం చల్లగా ఉన్నాయి.

ఖాజీపేటలో గంపలతో ఒకాయన మెట్లకు అడ్డంగా నిలబడితే కండక్టరు గట్టిగా అరిచాడు. “జరగరా గాడిదా!”

“ఓయ్! దాని నీళ్ళు తాగి ఆ మాట అంటావా?” అని బస్సంతా అతని మీద పడింది.

కండక్టరు బిత్తరపోయాడు. “మరి ఏమని తిట్టాలప్పా?”

“గుర్రమా అను” అన్నారు శెట్టిగారు.

అందరూ విరగబడి నవ్వారు. నేను కాస్త ఆలస్యంగా నవ్వాను. నిన్న మూడింటి నుంచి ఇవాళ రెండింటిదాకా ఆ గుర్రాన్ని నేనే.