టీచరు గారికి అర్థమైన పుస్తకం

నిన్న మా కాలేజీ లైబ్రరీకి కొత్త పుస్తకాల కట్ట వచ్చింది. తాడు కోయగానే గుప్పుమన్న అచ్చు వాసనకి సలోమీ టీచరు గారు గుర్తొచ్చారు. గుండుగొలనులో మా పక్కింటావిడ. మిషన్ స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. కంప్యూటర్ గురించి ఓనమాలు కూడా తెలియని ఆవిడ నాకు ప్రోగ్రామింగ్ పుస్తకం ఎంచుకోవడం నేర్పారంటే నా విద్యార్థులు నవ్వుతారు. నవ్వనివ్వండి.

నేను డిగ్రీ చదివే రోజుల్లో నాన్న పాత కంప్యూటర్ ఒకటి కొనిచ్చారు. మాకు చేపల చెరువులుండేవి. ఏ చెరువుకి ఎంత మేత వెయ్యాలో చెప్పే ప్రోగ్రాం రాస్తానని గొప్పగా మాటిచ్చాను. తీరా చూస్తే రెండో చెరువు వివరాలు కొట్టగానే మొదటివి మాయమైపోయేవి. దిండంత లావు ఇంగ్లీషు పుస్తకం తిరగేసినా దారి దొరకలేదు. "చేపలు పట్టేలోగా కాకపోతే ఈ కంప్యూటర్ అమ్మేద్దామమ్మా, ఊరికే దుమ్ము పట్టడమెందుకు?" అన్నారు నాన్న, మెత్తగానే. నేను మాత్రం నాకు బుర్ర లేదని తేలిపోయిందనుకున్నాను.

టీచరు గారి దగ్గర ఏడిస్తే, మర్నాడే నన్ను బస్సెక్కించి ఏలూరులో పుస్తకాల షాపుకి తీసుకెళ్లారు. స్టూలు వేయించుకుని కూర్చుని, "నీ చిక్కు గురించి ఒక్కో పుస్తకంలో ఏం రాశారో చదువు. మూసేసి నాకు తెలుగులో చెప్పు. నాకు అర్థమైందే కొందాం," అన్నారు.

"మీకెలా అర్థమవుతుందండీ?"

"అవ్వకపోతే అది మనకొద్దు."

మొదటి పుస్తకం మూసి నోరు తెరిస్తే ఒక్క ముక్క రాలేదు. రెండోదీ అంతే. షాపాయన చూసి చూసి, "ఏవండీ టీచరు గారూ, కొంటారా, ఇక్కడే చదివేస్తారా?" అని అడిగారు.

"రెండూనండీ," అన్నారీవిడ, కొంగుతో విసురుకుంటూ.

చివరికి అడుగు అరలో ఒక సన్నటి పుస్తకం దొరికింది. చదివి, మూసి, మొదలుపెట్టాను. "ఒకే పేరు కింద వరసగా గదులుంటాయండీ. ఒక్కో గదికి ఒక నంబరు..."

"అంటే పిల్లల్ని బెంచీల మీద కూర్చోబెట్టి రోల్ నంబరుతో పిలిచినట్టా?"

"అచ్చం అంతేనండీ!"

"మరి నువ్వు అందర్నీ ఒకే కుర్చీలో కూర్చోబెడుతున్నావేమో చూసుకో. ఒకడొస్తే ఇంకొకడు లేచిపోడూ?"

షాపులోనే పగలబడి నవ్వాను. ఆ వెంటనే ఏడుపొచ్చింది. "ఇన్నాళ్లూ నాకెందుకు తట్టలేదండీ?"

"ఆ లావు పుస్తకం నీకు సరిగా చెప్పక. చదివేవాళ్లదే తప్పని ఎవరన్నారమ్మా? నా క్లాసులో పిల్లలకి అర్థం కాకపోతే నేనే మళ్లీ ఇంకోలా చెప్పేదాన్ని."

ఆ వారంలోనే చెరువులన్నిటి మేతా తెర మీద వరసగా కనిపించింది. నాన్న కుర్చీ లాక్కుని కూర్చుని, అన్నీ మళ్లీ మళ్లీ కొట్టించి చూసుకున్నారు. అమ్మే మాట ఇంక ఎత్తలేదు.

టీచరు గారు పోయి చాలా కాలమైంది. నేనిప్పుడు ఏలూరులో ప్రోగ్రామింగ్ చెబుతున్నాను. ఏ పిల్లయినా తల వంచుకుని "నాకు బుర్ర లేదండీ" అంటే, ముందు చేతిలో పుస్తకం మూయించి, పక్కన కూర్చోబెట్టుకుని, ఎక్కడ ఆగిందో తెలుగులో చెప్పించుకుంటాను. ఆవిడ ఆ రోజు నన్ను బస్సెక్కించకపోతే, నాకు చదువు రాదని ఈపాటికి నేనూ నమ్మేసి ఉండేదాన్ని.